రాజమ్మత్త పెట్టమన్న సున్న

ఆదివారం వచ్చిందంటే నాకు నీరసం. పొద్దున్నే పేపరులో వచ్చే గళ్ళ నుడికట్టును ఎవరో ఫోటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెడతారు. పది నిమిషాలు కాకముందే మొదలవుతుంది. "మేడం, అడ్డం ఏడు?" అని ఒకరు, "నిలువు పన్నెండు చెప్పేయండి మేడం, బజారుకు పోవాలి" అని ఇంకొకరు. కుప్పంలో రిటైరైన తెలుగు టీచర్ని కాబట్టి ఆ పని నాదేనని అందరూ అనుకున్నారు, నేనూ కాదనలేదు. జవాబు పెట్టి, దాని కింద అది ఎందుకు జవాబైందో రెండు వాక్యాలు రాస్తాను. బొటనవేలు నొప్పి పుడుతుంది. బదులుగా దండాల బొమ్మలు, పూలగుత్తుల బొమ్మలు వస్తాయి. ఆ రెండు వాక్యాలను ఎవరైనా చదివిన జాడ మాత్రం కనపడదు. ఒకసారి విసుగుపుట్టి కావాలనే తప్పు వివరణ రాశాను. దానికీ అవే పూలగుత్తులు వచ్చాయి. మానేద్దామని ప్రతివారం అనుకుంటాను. మానడానికి కూడా కొంచెం ఓపిక కావాలి కదా, ఈ మధ్య అది కూడా ఉండడం లేదు.

గత నెలలో పుంగనూరులో మా రాజమ్మత్త పోయింది. మా నాయనకు అక్క. చివరి ఏళ్ళలో మా తమ్ముడి దగ్గర ఉండేది, చూపు పూర్తిగా పోయి చాలా కాలమైంది. పదకొండో రోజు పనులన్నీ అయ్యాక మరదలు ఒక రేకు పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "ఇందులో ఏముండాదో మాకు తెల్దు వదినా. ఎవుర్నీ ముట్టనీలే. శాంత వస్తే ఇయ్యండి అనేది." పెట్టెలో రెండు చీరలు, ఒక కళ్ళజోడు, వాటి అడుగున గోధుమ రంగు అట్ట వేసిన నోటుపుస్తకం. అట్ట చూడగానే అది ఏ పుస్తకమో తెలిసిపోయింది. మరదలు కాఫీ తెచ్చి ఇస్తే తాగాను కానీ, తీపి ఉందో లేదో తెలియలేదు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలంటే మదనపల్లె ఇంటికి పోవాలి. మా నాయన బస్సు కండక్టరు. మేం పుంగనూరులో ఉండేవాళ్ళం. నన్ను చదువు కోసం మదనపల్లెలో అత్త దగ్గర పెట్టారు. అత్తకు చిన్నప్పుడే భర్త పోయాడు, పిల్లలు లేరు. పక్కనే ఉన్న నీరుగట్టువారిపల్లెలో నేతగాళ్ళకు పట్టు నూలును కండెలకు చుట్టి ఇచ్చే పని చేసేది. ఒకే గది, ముందర వసారా. వసారాలో రాట్నం. సబ్బునీళ్ళలో ఉడికించి ఆరవేసిన పట్టుకు ఒక వాసన ఉంటుంది, తడి జుట్టు వాసనకు దగ్గరగా. ఆ వాసన మా అన్నానికీ, పుస్తకాలకూ, నా జడలకూ పట్టుకునే ఉండేది. పొద్దున బెల్లం కాఫీ, మధ్యాహ్నం సంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి. రోజూ అదే. రోట్లో నూరేటప్పుడు కూడా అత్త పెదవులు కదులుతూనే ఉండేవి. జపమేమో అనుకునేవాళ్ళు పక్కింటివాళ్ళు. కాదు, ఆ వారం గళ్ళ నుడికట్టులో మిగిలిపోయిన ఆధారాన్ని నెమరువేసుకునేది.

అత్త చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. కానీ వారపత్రికలో వచ్చే ఆ గళ్ళు ఆమెకు ప్రాణం. అవి మామూలు ప్రశ్నలు కావు. ఆధారం పైకి ఒకటి చెబుతుంది, లోపల ఇంకొకటి దాచుకుంటుంది. నాకు ఆమె నేర్పిన మొదటిది ఇప్పటికీ గుర్తుంది. "నిద్రలో వచ్చేది, దేవుడిచ్చేది కలిస్తే మనసుకు నెమ్మది లేదు" అని ఆధారం, నాలుగు గళ్ళు. నేను దయ్యాలనీ పీడకలలనీ ఏవేవో అన్నాను. అత్త రాట్నం ఆపకుండానే, "నిద్రలో వచ్చేదేంది? కల. దేవుడిచ్చేది? వరం. రెండూ పక్కపక్కన పెట్టు" అంది. కలవరం. నేను ఎగిరి గంతేశాను. "గంతులు తర్వాత. ఇప్పుడు నువ్వు నాకు సెప్పు, అది యాల కలవరమయింది?" అంది. ఎందుకయిందో మళ్ళీ మొదటినుంచీ నాచేత చెప్పించింది. "యాల అని సెప్పలేకపోతే అది నీకు దొరికినట్టు కాదు పాపా, తగిలినట్టు" అనేది. ఆ మాట ఆ ఇంట్లో వారానికి నాలుగు సార్లైనా వినేదాన్ని.

పట్టు దారం మీద ఏళ్ళ తరబడి చూపు నిలిపి అత్తకు కళ్ళు అప్పటికే సగం పోయాయి. దారం తెగితే వేళ్ళకు తెలిసేది కానీ అచ్చు అక్షరాలు అలుక్కుపోయినట్టు కనపడేవి. అందువల్ల చదవడం, గళ్ళు నింపడం నా పని. పత్రిక శుక్రవారం వచ్చేది. ఆదివారం దాకా మాది. సోమవారం మదనపల్లె బస్టాండుకు పోయి నాయన చేతికిస్తే, ఆయన దాన్ని టికెట్ల సంచిలో పెట్టుకుని పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేర్చేవాడు. అక్కడ రైలు గేటు దగ్గర ఖాదర్ సాయబు టైలరు అంగడి. బుధవారం మళ్ళీ అదే సంచిలో మదనపల్లెకు తిరిగివచ్చేది. పత్రిక ఒకటే, చేసేవాళ్ళు రెండు ఊళ్ళలో.

ఖాదర్ సాయబుతో ఈ చుట్టరికం కలిపింది మా నాయన కాకీ చొక్కా. కొలతలు ఇవ్వడానికి పోయినప్పుడు, బస్సులో చదువుకోవడానికి నాయన తీసుకుపోయిన మా పత్రిక సంచిలోంచి బయటికి కనపడితే చూశాడట సాయబు. "తలకిందులైన తీగకు శిరస్సు" అనే ఆధారం పక్కన రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. మెడ చుట్టుకొలత తీస్తూనే, "తీగంటే లత కదప్పా. తిప్పి సూడు, తల" అన్నాడట. నాయన అది వచ్చి చెప్పగానే అత్త రాట్నం ఆపేసింది. పని మధ్యలో ఆమె రాట్నం ఆపడం నేను చూడటం అదే మొదలు. "యాల అని కూడా సెప్పినాడా?" అని రెండుసార్లు అడిగింది. ఆ మరుసటి వారమే పత్రికతో పాటు పంపడానికి నాయనతో ఒక నోటుపుస్తకం తెప్పించి అట్ట వేయించింది.

ఆ పుస్తకానికి పద్ధతి ఉండేది. గళ్ళలో మాట నింపినవాళ్ళు అది ఎందుకో పుస్తకంలో రాయాలి. అవతలివాళ్ళు చదివి ఒప్పుకుంటే గుర్తు పెట్టాలి. సాయబు గుర్తు బట్ట మీద సుద్దతో గీసినట్టు చిన్న అడ్డగీత. అత్త గుర్తు సున్న. నేను ఆమె వేలు తీసుకుపోయి చోటు చూపిస్తే, పెన్సిల్‌తో వంకరగా ఒక సున్న చుట్టేది. ఒప్పుకోకపోతే ప్రశ్న గుర్తు పెట్టాలి. ప్రశ్న వస్తే రాసినవాళ్ళే జవాబు చెప్పాలి, లేదా తామే చెరుపుకోవాలి. ఒకరు రాసింది ఇంకొకరు చెరిపే మాటే లేదు. అలా ఎవరూ నియమం పెట్టలేదు కూడా, పెట్టవలసిన అవసరం వస్తుందని వాళ్ళకు తోచి ఉండదు. ఐదేళ్ళు నడిచింది ఆ పుస్తకం. ఒకటి నిండితే ఇంకొకటి. అత్తా సాయబూ ఒకరినొకరు ఒక్కసారి కూడా చూసుకోలేదు. కానీ సాయబుకు జ్వరం వచ్చిన సంగతి నాయన చెప్పకముందే అత్తకు తెలిసిపోయేది. "ఈ వారం వివరాలు పొట్టిగా ఉండాయి. ఒంట్లో బాగలేదేమో కనుక్కో తమ్ముడూ" అని నాయనకు చెప్పేది.

నాకు సాయబంటే కోపం. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు, వయసైపోయింది. నేను ఇంటర్లో చేరాను. సంస్కృతం మాటలు నాలుగు వచ్చాయి. మా లెక్చరరు నా వ్యాసాన్ని క్లాసులో చదివి వినిపించాడు. ఇంటికి వచ్చి ఎంత గొప్పగా వివరణ రాసినా అత్త ఒకటే అనేది, "బాగుండాది. సాయబు రాసినట్టు రాయి. చిన్నపిల్లకు చెప్పినట్టు రాస్తాడు ఆయప్ప." ఎప్పుడూ చూడని మనిషి మీద, బట్టలు కుట్టుకునే మనిషి మీద, నాకు లోలోపల మంట.

ఆ వారం ఆధారం ఇది. "మొదటి నడకకే వేడెక్కిన పట్టణం", మూడు గళ్ళు. మాకు రాలేదు. బుధవారం పుస్తకం తిరిగొచ్చేసరికి సాయబు నగరం అని నింపి ఉన్నాడు. కింద రాశాడు. 'నడక అనే మాటలో మొదటిది న. వేడిగా ఉంటే మా ఇండ్లలో గరం అంటాం. మీరు కూడా గరం చాయ్ అంటారు కదా. న, గరం. నగరం అంటే పట్టణం.' చదవగానే నాకు అర్థమైంది. అర్థమైనందుకే ఒళ్ళు మండింది. తెలుగు గళ్ళలోకి ఆ మాట ఎట్లా వస్తుందని నాకు నేనే వాదన కట్టుకున్నాను. అత్త అప్పుడు ఇంట్లో లేదు, చుట్టిన కండెలు ఇవ్వడానికి మగ్గాలవాళ్ళ ఇంటికి పోయింది. ప్రశ్న గుర్తు పెట్టి ఉంటే సరిపోయేది. నేను రబ్బరు తీసి ఆ నాలుగు వరుసలూ చెరిపేశాను. ఆయన నొక్కి రాసేవాడు, చెరపడానికి చాలాసేపు పట్టింది. దాని మీద నా వివరణ రాశాను. సంస్కృతంలో నగ అంటే కొండ అనీ, కొండ ఎక్కేవాడికి మొదటి అడుగులకే ఒళ్ళు వేడెక్కుతుందనీ, ఒక పూర్తి పేజీ. పక్కన అత్త సున్న కూడా నేనే చుట్టాను, వంకరగా. అత్త వచ్చి "ప్రశ్నలేమన్నా ఉండాయా?" అంటే, "ఏమీ లేవత్తా" అన్నాను. ఆమె అలసిపోయి వచ్చింది. కాళ్ళు కడుక్కుని, ఆ రోజు పుస్తకం చదివించుకోకుండానే సంగటి కలపడానికి లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం పుస్తకం పోయింది. బుధవారం పత్రికతో పాటు తిరిగొచ్చింది. పత్రికలో ఒక్క గడి నింపలేదు, పుస్తకంలో ఒక్క గీత లేదు. ఆ పై వారమూ అంతే. మూడోవారం నాయన, "సాయబుకు పని జాస్తిగా ఉండాదంట, ఇంక పంపొద్దనె" అన్నాడు. ఆ సాయంత్రం అత్త రాట్నం పక్కకు జరిపి, "ఆఖరు వారంది సదువు పాపా. నేనేమన్నా తప్పు రాయించింటానేమో" అంది. నేను పుస్తకం తెరిచాను. ఎదురుగా నా కొండా, నా దొంగ సున్నా. ఆ పేజీ చూస్తూ, చెరిపేసిన సాయబు మాటలను అక్కడ ఉన్నట్టే చదివాను. ఒక్క మాట పోకుండా. అత్త తల ఊపుతూ విన్నది. గరం చాయ్ దగ్గర నవ్వింది. "ఎంత బాగా రాసినాడు! వాళ్ళింటి మాట తెచ్చి మన గళ్ళో పెట్టినాడు సూడు. దీనికి నా సున్న పెట్టినానా లేదా? పెట్టకపోతే పెట్టు, ఆయప్ప సూసుకుంటాడు" అంది. పెడతానన్నాను. ఎక్కడ పెట్టను? పుస్తకం మూసేశాను.

ఆ తర్వాత కూడా ఆమె గళ్ళు చేసింది. నేనే చదివాను, నేనే నింపాను. కానీ బుధవారం మధ్యాహ్నమైతే బస్సు హారన్లు వింటూ వసారాలో కూర్చునేది. తప్పు తనదే అయి ఉంటుందని ఆమె నమ్మకం. ఏం తప్పో తెలియకపోవడం ఆమె బాధ. నేను నోరు విప్పి ఉంటే ఒక్క రోజులో తీరిపోయేది. విప్పలేదు. చదువైంది, పెళ్ళైంది, ఉద్యోగం వచ్చింది. విచిత్రం చూడండి, బదిలీ మీద కుప్పమే పడింది. అక్కడే ఇల్లు కట్టుకున్నాం. ఇరవై ఆరేళ్ళు ఆ ఊళ్ళో ఉండి రైలు గేటు వైపు పోలేదు. బడికి చుట్టూ తిరిగి పోయేదాన్ని. జాకెట్లు పలమనేరులో కుట్టించుకున్నాను. పుంగనూరు పోయినప్పుడు అత్త అడిగేది, "కుప్పంలో ఆ సాయబు ఉండాడా పాపా?" అని. "అంగడి మూసేసినారంటత్తా" అనేదాన్ని. అది మాత్రం నిజమే. మూసే నాటికి అంగడి పేరేమిటో, బోర్డు ఏ రంగులో ఉందో కూడా నాకు తెలియదు.

మొన్నటి ఆదివారం గ్రూపులో పదకొండు జవాబులు పెట్టి, పదకొండు వివరణలు రాసి, ఫోను పక్కన పడేశాను. మరుసటి రోజు సోమవారం. ఆ పుస్తకాన్ని సంచిలో వేసుకుని రైలు గేటు దాకా నడిచాను. ఏదో సాధిద్దామని కాదు, దాన్ని ఇంకా ఇంట్లో పెట్టుకునే ఓపిక లేక. టీ కొట్టు మనిషిని అడిగితే సందులో మూడో ఇల్లు చూపించాడు. ఖాదర్ సాయబు కూతురు తలుపు తీసింది, నా ఈడు మనిషే. ఆయన కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. చాలా సన్నగా ఉన్నాడు. తొంభైకి దగ్గర పడి ఉంటాడు. చేతివేళ్ళు మాత్రం ఇంకా టైలరు వేళ్ళే, దుప్పటి అంచును కొలుస్తున్నట్టు కదులుతున్నాయి.

"మదనపల్లె రాజమ్మ మేనకోడల్ని మామా. కండక్టరు కూతుర్ని" అన్నాను.

ఆయన వేళ్ళు దుప్పటి అంచు మీద ఆగాయి. "ఆయమ్మ ఉండాదా?"

"లేదు మామా. పోయిన నెల పోయింది."

కళ్ళు మూసుకుని ఏదో మెల్లగా అనుకున్నాడు. నేను పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి, ఆయన ఒళ్ళో పెట్టాను. నిలబడే చెప్పేశాను. రబ్బరు నాదని, రాత నాదని, సున్న కూడా నాదేనని. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని గుక్క తిప్పుకోలేదు. చెప్పడం అయ్యాక కుర్చీ జరుపుకుని కూర్చున్నాను.

"ఆయమ్మే సెరిపిందనుకుంటి" అన్నాడు. గొంతులో కోపం ఉంది. నేను అనుకున్నంత ముసలి కోపం కాదది. "నా ఇంటి మాట ఆయమ్మకు పనికి రాలేదనుకుంటి. ఆ పొద్దు నుంచి ఆ గళ్ళు నేను ముట్టలేదు. ఒక ప్రశ్న పెట్టింటే సాలదా? పెద్ద సదువు సదివినావు కదా, ఒక ప్రశ్న పెట్టేది రాకపాయనా?"

"తప్పే మామా."

"యాడుండావు ఇన్నాళ్ళు?"

"ఈ ఊర్లోనే. ఇరవై ఆరేండ్లుగా."

కూతురు వచ్చి టీ పెట్టి పోయింది. నేను దాన్ని ముట్టుకోలేదు. క్షమించమని అడగాలని నోటి దాకా వచ్చింది కానీ, ఆ మాట వాడటానికి కూడా నాకు అర్హత ఉన్నట్టు తోచలేదు. దానికి బదులు, అత్త ఆ పేజీ చదివించుకున్న సాయంత్రం సంగతి చెప్పాను. "మీరు రాసింది ఉన్నట్టే చదివినాను మామా. నడక అనే మాటలో మొదటిది న. వేడిగా ఉంటే మా ఇండ్లలో గరం అంటాం. మీరు కూడా గరం చాయ్ అంటారు కదా..." నేను చెబుతుంటే ఆయన పేజీని కిటికీ వైపు తిప్పి, నా అక్షరాల మీద వేలితో తడిమాడు. అడుగున నొక్కి రాసిన గీతల పల్లాలు ఇంకా ఉన్నాయేమో, వేలు ఒక చోట ఆగింది.

"ఆయమ్మ ఏమనె?"

"నవ్వింది. ఎంత బాగా రాసినాడు అనింది. నా సున్న పెట్టు, ఆయప్ప సూసుకుంటాడు అనింది."

"పెట్టినావా?"

"లేదు."

ఆయన కూతుర్ని పిలిచి పెన్సిలు, రబ్బరు తెమ్మన్నాడు. ఆమె తన మనవరాలి పెన్సిల్ డబ్బా తెచ్చి ఇచ్చింది. సాయబు కళ్ళజోడు సర్దుకుని నా వివరణ మొత్తం చదివాడు, ఒక్కో వరుసా. ఏళ్ళుగా నేను రాసింది ఎవరైనా ఇలా చదివి ఉంటారా అనిపించింది. చదివి, "కొండ ఎక్కితివి, సరే. నగ అయిపోయె. 'రం' యాడనుంచి వచ్చె?" అన్నాడు. అప్పుడు పేజీ నిండా రాసి ఆ ఒక్కటి దాటేశాను. ఆయన రబ్బరు తీసుకుని, నేను చుట్టిన దొంగ సున్నను మాత్రం చెరిపాడు. నా రాతను ముట్టుకోలేదు. దాని పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టాడు. తర్వాత పుస్తకమూ పెన్సిలూ నా చేతికిచ్చి, పేజీ కింద మిగిలిన ఖాళీని చూపించాడు. "నాది ఈడ రాయి. నువ్వు ఇప్పుడు సదివినావే, అట్లనే."

రాశాను. నాలుగు వరుసలు. రాసి ఆయనకు చూపించాను. ఆయన పెదవులు కదుపుతూ చదువుకుని, చివర ఆగాడు.

"ఇంక ఆయమ్మ పెట్టమనింది పెట్టు."

ఆ నాలుగు వరుసల పక్కన సున్న చుట్టాను. ఈసారి అది దానంతటదే వంకర పోయింది. సాయబు దాన్ని దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. పుస్తకం మూసి దిండు కింద పెట్టుకున్నాడు. నేను లేచి సంచి భుజాన వేసుకున్నాను. గడప దాటుతుంటే వెనక నుంచి అన్నాడు.

"బుధవారం వచ్చి తీసకపో."